మొక్కజొన్న టోర్టియాలకు పోత ఇనుప ప్రెస్: కొన్నేళ్లు వాడాక నా మాట

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మా వంటగట్టు మీద ఎప్పుడూ ఒకేచోట ఉండే వస్తువు, ఎనిమిది అంగుళాల పోత ఇనుప టోర్టియా ప్రెస్. టోర్టియా అంటే మెక్సికో వాళ్ల పల్చటి రొట్టె, పిండి ఉండను రెండు పలకల మధ్య పెట్టి పిడితో నొక్కి దాన్ని పల్చగా చేసేది ఈ ప్రెస్. ధర ముప్పై డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, బరువు దాదాపు మూడు కిలోలు. కొన్నేళ్లుగా వారంలో రెండు మూడుసార్లయినా వాడుతున్నాను. కొనమంటారా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొక్కజొన్న టోర్టియాలకైతే కళ్లు మూసుకుని కొనండి, చపాతీల కోసమైతే వద్దు.

చపాతీకి ఎందుకు వద్దంటే, గోధుమ పిండిలో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఉంటుంది. ఎంత నొక్కినా మూత ఎత్తగానే వెనక్కి ముడుచుకుంటుంది. ఉత్తర మెక్సికోలో గోధుమ టోర్టియాలే ఎక్కువ. సొనోరా వైపు వాటిని మోచేతి దాకా సాగదీసి పల్చగా చేస్తారు. అది ప్రెస్సుతో అయ్యే పని కాదు. మొక్కజొన్నకు గ్లూటెన్ లేదు కాబట్టి నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది. చిన్న పూరీలకు మాత్రం ప్రెస్ పనికొస్తుంది. చెక్కలకైతే ఇంకా బాగా పనికొస్తుంది. దసరాకి ఒక్కదాన్నే కూర్చుని డబ్బాడు చెక్కలు వత్తేస్తాను.

ప్రెస్ కన్నా ముందు చూసుకోవాల్సింది పిండి. ఇండియన్ స్టోర్‌లో దొరికే మొక్కజొన్న పిండితో టోర్టియా రాదు, అంచులు విరిగిపోతాయి. కావాల్సింది మాసా హరీనా. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి, ఆరబెట్టి చేసే పొడి అది. సున్నం గింజ మీది పొట్టును కరిగిస్తుంది, ముద్దకు జిగురునిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గింజలో ఒంటికి అందకుండా ఉండే నియాసిన్‌ను (బి3 విటమిన్) విడిపిస్తుంది. మెక్సికో వాళ్లకు ఈ పద్ధతి వేల ఏళ్లుగా తెలుసు. మొక్కజొన్నను తీసుకెళ్లిన యూరప్ వాళ్లు సున్నం సంగతి వదిలేశారు. ఇటలీ ఉత్తరాన, తర్వాత 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, మొక్కజొన్న మీదే బతికిన పేదవాళ్లకు నియాసిన్ చాలక వచ్చే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. ఆ జబ్బు మనకూ తెలిసిందే. జొన్నలే ప్రధానంగా తినేవాళ్లలో వచ్చే పెల్లాగ్రా మీద 1960లలో హైదరాబాద్‌లోనే పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ బృందం పరిశోధించింది. ఇది చదివిన దగ్గర్నుంచి సున్నం అనే ఆ ఒక్క దినుసు మీద నాకు గౌరవం పెరిగింది.

మాసా హరీనాలో మసేకా అనే బ్రాండు దాదాపు ప్రతి షాపులోనూ దొరుకుతుంది. దాన్ని తయారుచేసే గ్రూమా కంపెనీ 1949లో న్యువో లియోన్ రాష్ట్రంలోని సెర్రాల్వోలో మొదలైంది. టోర్టియాలకు, తమాలేలకు (ముద్దను ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేవి) వేర్వేరు ప్యాకెట్లుంటాయి, తమాలే పిండి బరకగా ఉంటుంది. చూసి తీసుకోండి. అరేపాలనే మందపాటి మొక్కజొన్న రొట్టెల కోసం అమ్మే పిండి కూడా పక్కనే ఉంటుంది. అది ఉడికించిన మొక్కజొన్న పిండే కానీ సున్నం పడనిది, దీనికి పనికిరాదు. శాకాహారులకు ఇంకో మాట. మెక్సికన్ కిరాణాల్లో తడి మాసా, అంటే ఆరబెట్టని రుబ్బిన ముద్ద, కూడా అమ్ముతారు. 'ప్రెపరాదా' అని రాసి ఉంటే అది తమాలేల కోసం కలిపింది, చాలావరకు పంది కొవ్వు ఉంటుంది. గోధుమ టోర్టియాల ప్యాకెట్ల మీద కూడా 'మాంతెకా' (పంది కొవ్వు) అన్న మాట ఉందేమో చూసుకోవాలి.

రెండు కప్పుల పిండికి కప్పున్నర గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఉప్పు. కలిపాక తడిబట్ట కప్పి అరగంట వదిలేయాలి. పిండి నీళ్లు నెమ్మదిగా తాగుతుంది, కలపగానే సరిగ్గా ఉన్నట్టు అనిపించినా కాసేపటికి గట్టిపడుతుంది. మెక్సికోలోని పుయెబ్లా నుంచి వచ్చిన మా పక్కింటి పెద్దావిడ నాకు నేర్పిన పరీక్ష ఏ కొలతకన్నా నమ్మకమైనది. పెద్ద నిమ్మకాయంత ఉండ తీసుకుని రెండు అరచేతుల మధ్య కాస్త అదమాలి. అంచు పగిలితే నీళ్లు చాలలేదు. చేతికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. ఆవిడ ముద్ద మొత్తాన్ని మళ్లీ కలపదు. వేళ్లు తడుపుకుని, ఏ ఉండకు ఆ ఉండనే సరిచేసుకుంటుంది. నేనూ ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

ఇక ప్రెస్ వాడకం. దళసరి జిప్‌లాక్ కవర్‌ను రెండు పక్కలా కోసి పుస్తకంలా తెరిచి, మధ్యలో ఉండ పెడతాను. పల్చటి కవరైతే ముడతలు పడి ఆ గీతలు టోర్టియా మీదికి వస్తాయి. ఉండను సరిగ్గా నడిమధ్యన కాకుండా బందు వైపుకి కొంచెం జరిపి పెట్టాలి, నొక్కినప్పుడు ముద్ద పిడి వైపుకి పాకుతుంది కాబట్టి. ఒకసారి నొక్కాక కవర్‌తో సహా సగం తిప్పి మళ్లీ మెల్లగా నొక్కితే మందం సమంగా వస్తుంది. బందు వైపు పల్చన, పిడి వైపు మందం కావడం నేను చూసిన ప్రతి ప్రెస్‌లోనూ ఉన్న లోపమే. జొన్నరొట్టె చేత్తో తట్టే అలవాటున్న మా అత్తయ్య వచ్చినప్పుడు ప్రెస్ జోలికే వెళ్లదు, కవర్ మీదే తట్టేస్తుంది, అవీ బాగానే వస్తాయి.

పెనం బాగా కాలాలి. మొదటి వైపు అర నిమిషం లోపే, అంచులు పెనాన్ని వదలగానే తిప్పేయాలి. రెండో వైపు ఒక నిమిషం. మళ్లీ తిప్పాక బట్ట ఉండతో నడిమధ్యన మెల్లగా నొక్కితే పొంగుతుంది. పొంగిందంటే పిండి తడీ, పెనం వేడీ రెండూ కుదిరినట్టే. తీసిన వెంటనే దళసరి బట్టలో చుట్టి పెట్టాలి. ఆవిరికి లోపలే మగ్గి పది నిమిషాల్లో మెత్తబడతాయి. పెనం మీంచి నేరుగా తిని 'గట్టిగా ఉన్నాయి' అనేవాళ్లు చాలామంది ఈ మెట్టే వదిలేస్తారు.

ప్రెస్ లోపాలు కూడా చెప్పాలి. తడి తగిలితే తుప్పు పడుతుంది. నా దానికి పలకలు బాగానే ఉన్నాయి కానీ బందు మేకు తుప్పు పట్టి కీచుమంటోంది. వాడాక తడిగుడ్డతో తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, ఒక చుక్క నూనె రాయాలి. చేతుల్లో బలం లేని పెద్దవాళ్లకు రోజూ ఎత్తి దించడం కష్టం, ఒకే చోట పెట్టుకుంటేనే వాడగలరు. అయినా తేలిక అల్యూమినియం రకం కన్నా ఇది మేలే. అది కూడా కొన్నాళ్లు వాడాను, పిండి కొంచెం గట్టిగా ఉన్న రోజున పిడి వంగిపోయింది.

ఓపిక ఉన్న వారాంతాల్లో గింజల నుంచే చేస్తాను. కిలో ఎండు మొక్కజొన్నకు మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల తినే సున్నం. మెక్సికన్ షాపులో 'కాల్' పేరుతో దొరుకుతుంది. గోడలకు వేసే సున్నం వాడకండి. అల్యూమినియం గిన్నె కూడా వద్దు, సున్నానికి దెబ్బతింటుంది, స్టీల్‌ది పెట్టండి. ముప్పావు గంట సన్న మంట మీద ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున్నే పొట్టు రుద్ది కడగాలి. అప్పుడు మన ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండర్ అక్కరకొస్తుంది. రాతి రోళ్లు కాబట్టి మాసా చక్కగా మెదుగుతుంది. కాకపోతే నీళ్లు పోయకుండా తిరగదు, ముద్ద పల్చనవుతుంది. గుప్పెడు మాసా హరీనా కలిపితే గట్టిపడుతుంది. ఇలా చేసిన టోర్టియా వాసన వేరు. తడిసిన మట్టి వాసనా, కాలిన కంకి వాసనా కలిసినట్టుంటుంది. పిల్లలు కూర కూడా అడగకుండా ఉప్పు చల్లుకుని తినేస్తారు.

మిగిలినవి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గట్టిపడతాయి. నీళ్లు చిలకరించి పెనం మీద వేడిచేస్తే మళ్లీ మెత్తబడతాయి. అంతకన్నా మంచి దారి, ముక్కలు కోసి నూనెలో వేయించి, పుల్లటి పచ్చ టొమాటియో సాస్‌లో కలిపి చిలకీలెస్ చేసుకోవడం. దానికి తాజావాటికన్నా నిన్నటివే బాగుంటాయి, నూనె తక్కువ పీలుస్తాయి.