వానపాములు కొంటున్నారా? నేను కొన్నవి గాలం ఎర్రలు

కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. ఆయన పేరు మాత్రం రాయను, రాస్తే రేపు మా గుమ్మం ముందు పంచాయితీ. మన వైపు మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి పేరు అక్కర్లేదు కూడా. రోజూ పొద్దున్నే ఆరింటికల్లా రెండు చేతుల నిండా వానపాములు పట్టుకుని, పుస్తెలతాడు చూపించినట్టు వీడియో పెడతాడు చూడండి. ఆయ్, ఆయనే.

ఇంటి చెత్తతో ఎరువు చేసుకునే సెట్టు ఆయన దగ్గర కొన్నాను, 5,400 రూపాయలు. కింద కుళాయి ఉన్న డ్రమ్ము, "ఆస్ట్రేలియా వానపాములు" రెండు కిలోలు, "రెడీ వర్మీ కంపోస్ట్" (అంటే వానపాములు చేసిన ఎరువు) రెండు బస్తాలు, చెత్తని త్వరగా కుళ్లబెట్టే డీకంపోజర్ సీసా. మా పాలకొల్లులో చెత్త బండి రాదని కాదు, వస్తుంది. కానీ ఆవకాయ రోజుల్లో టెంకలూ తొక్కలూ, పండగొస్తే అరటాకులూ కవర్లో కట్టి బండికిచ్చి, మళ్లీ డాబా మీద మొక్కలకి డబ్బులిచ్చి ఎరువు కొంటుంటే సిగ్గేసింది. అంతే, అదే నేను చేసిన పాపం.

నా వైపు నుంచి లోపం లేదండీ, అది ముందే చెప్పుకోవాలి. పచ్చి చెత్త కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, అందులో పాముల్ని వదిలితే ఉడికిపోతాయి. అందుకే సెట్టు రాకముందే పాత సిమెంటు తొట్టెలో పేడ, ఎండు బాదం ఆకులు, కూర తొక్కలు కలిపి పదిహేను రోజులు మగ్గబెట్టాను. చెయ్యి పెడితే చల్లగా తగిలాకే డ్రమ్ములోకి మార్చాను. గుప్పెట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలంటారు, సరిగ్గా అంతే తడి. ఉప్పు తగిలినవి, నిమ్మ తొక్కలు, చేప పొలుసులు ఏవీ పడనివ్వలేదు. మా ఇంట్లో వాళ్లకి కూడా ఇంత జాగ్రత్తగా వండి ఉండను.

సాయంత్రం పాముల్ని వదిలాను. తెల్లారి డాబా ఎక్కితే డ్రమ్ము అంచు మీద, మూత లోపల, కుళాయి సందులో, ఎక్కడ చూసినా అవే. గచ్చు మీదికి దిగినవి ఎండకి అంటుకుపోయి, బూడిద రంగు తాళ్ల ముక్కల్లా ఉన్నాయి. చీమలు అప్పటికే బారులు కట్టేశాయి. బతికున్నవాటిని పాత శుభలేఖ అట్టతో ఒక్కొక్కటే లేపి మళ్లీ లోపల వేశాను, గంటన్నర పట్టింది, ఆ రోజు పిల్లల క్యారేజీలు కూడా ఆలస్యమే.

ఆయనకి ఫోన్ చేశాను. "మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుందండీ అమ్మగారూ" అన్నాడు. సరే కదా అని రాత్రే బకెట్లలో నీళ్లు పట్టి నిలవుంచి మర్నాడు చల్లాను. మళ్లీ బయటికొచ్చాయి. "డాబా వేడండీ" అన్నాడు. డ్రమ్ముని నీడలోకి లాగి తడి గోనె కప్పాను. మూడోసారి ఏమన్నాడో తెలుసా, "కొత్త చోటు కదండీ, కొత్త కోడలు అత్తారింట్లో బెంగెట్టుకున్నట్టు నాలుగు రోజులు బెంగెట్టుకుంటాయండీ" అన్నాడు. నేను నమ్మాను! డిగ్రీ చదివాను, వానపాములకి బెంగ అంటే నమ్మాను. వెలుతురంటే వాటికి పడదు కదా, పైకి రాకుండా ఉంటాయని రాత్రంతా డ్రమ్ము పైన బల్బు కూడా వేసి ఉంచాను. కరెంటు బిల్లు వేరే.

ఐదో రోజుకి వాసన మొదలైంది, చచ్చిన వాసన. ఆ రోజే ఊరి నుంచి మా మావయ్యగారు వచ్చారు. డాబా ఎక్కి, మూత తీసి, బతికున్న నాలుగింట్లో ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి కొంచెం నొక్కారు. వెనకనుంచి బూడిద రంగు బురద వచ్చింది. "ఏవమ్మా, ఇవి గాలానికి గుచ్చే ఎర్రలు కదా, డ్రమ్ములో ఎందుకేశావ్?" అన్నారు.

నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. ఎరువు చేసే పాము నేల పైపైన, కుళ్లే చెత్తలో బతుకుతుంది, ఆ చెత్తనే తింటుంది. కాలవ గట్టు మీద తవ్వితే దొరికే ఎర్రకి మట్టి కావాలి, బొరియ చేసుకుని లోపలికి పోవాలి. దాన్ని తెచ్చి పేడలో వేస్తే పారిపోక ఏం చేస్తుంది పాపం. మన దేశపు పాములన్నీ పనికిరావని కాదు, పెరియోనిక్స్ అని చెత్త తినే రకం మన దగ్గరా ఉంది. కానీ ఇవి అవి కావు, ఆస్ట్రేలియావి అసలే కావు. ఏ కాలవ గట్టు ఆస్ట్రేలియానో ఆయనకే తెలియాలి.

ఇక అసలు సంగతికి వస్తాను, ఇదంతా రాస్తున్నది దాని గురించే. ఐదు వేలు పోతే పోయాయి. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, మీరు పంపినవి గాలం ఎర్రలటండీ, మార్చి ఇవ్వండి, లేదా పాముల డబ్బులన్నా వెనక్కివ్వండి అని మర్యాదగానే అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పాము పామేనండీ అమ్మగారూ. ఎరువు చెయ్యడం మీకు చేతకాకపోతే మీ మావయ్యగారికో గాలం కొనిపెట్టండి, పులుసులోకి నాలుగు మట్టగిడసలన్నా పడతాయి" అన్నాడు. పక్కన ఇంకెవరో నవ్వారు. అంటే స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడన్నమాట! మా గోదావరి వాళ్లు తిట్టినా అండీ అనే తిడతారని వేరే ఊళ్లవాళ్లు నవ్వుతారు, నాకు మొదటిసారి ఆ అండీ చెంప మీద పడింది.

దానికి నేనేమన్నాను? "సరేనండీ" అన్నాను. సరేనండీ! ఫోన్ పెట్టేశాక వంటింట్లో గిన్నెలు తోముతూ ఒక ఇరవై సమాధానాలు తట్టాయి, ఒకదాన్ని మించి ఒకటి. మళ్లీ చేస్తే నంబరు బ్లాక్ చేశాడు.

బస్తాల సంగతి కూడా చెప్పేస్తాను. ఎత్తితే నీళ్లు కారుతున్నాయి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీ కంపోస్ట్‌లో తేమ 15 నుంచి 25 శాతం మధ్యే ఉండాలి, అంటే నేను కాలవ నీళ్లు కిలోల లెక్కన కొన్నాను. గ్లాసు నీళ్లలో గుప్పెడు వేస్తే పైన కొబ్బరి పొట్టు, నల్లగా కాలిన ఊక తేలాయి, అడుగున ఒండ్రు దిగింది. కోనసీమలో పొట్టుకి కరువా, రైస్ మిల్లుల్లో ఊక బూడిదకి కరువా! పచ్చి కొబ్బరి పొట్టులో కర్బనం నత్రజనికి వంద రెట్ల పైనే ఉంటుంది, మాగిన ఎరువులో ఇరవై రెట్లు దాటకూడదు. అలాంటి పొట్టు మొక్కకి వేస్తే, అది కుళ్లడానికి మట్టిలో ఉన్న నత్రజని కూడా లాగేసుకుంటుంది. నా రెండు వంగ మొక్కలు ఎందుకు పసుపు పచ్చగా తిరిగాయో ఇప్పుడు తెలిసింది.

డీకంపోజర్ సీసాకి 350 వేశాడు. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం వాళ్లు 2015లో తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ సీసా వెల అప్పట్లో 20 రూపాయలు. దాన్ని రెండు కిలోల బెల్లంతో రెండొందల లీటర్ల నీళ్లలో కలిపి పెంచుకోవచ్చు, అందులోంచే మళ్లీ మళ్లీ చేసుకోవచ్చు. ఇది కొన్నాక చదివాను. ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మాకేం దూరం కాదు, ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. వీడియోకి లైకు కొట్టడం మాత్రం వచ్చు నాకు.

కొనేవాళ్లు ముందు వంద గ్రాములే తీసుకోండి. సన్నగా, ఎర్రగా, ఒంటి మీద లేత చారలు, తోక చివర కాస్త పసుపు ఉంటే ఐసీనియా రకం, ఎరువుకి పనికొస్తుంది. లావుగా బూడిద రంగులో ఉండి నొక్కితే బురద వస్తే డబ్బులివ్వకండి. వట్టి పాములు కాకుండా అవి పెరుగుతున్న పేడతో సహా ఇమ్మనండి, గుడ్లు కూడా వస్తాయి. అసలు పాములు లేకపోయినా తడి చెత్తకి రెండింతలు ఎండాకు వేసి అప్పుడప్పుడు తిరగేస్తుంటే ఎరువవుతుంది, కాస్త ఆలస్యం అంతే. బస్తా ముందు విప్పించి చూశాకే ఫోన్‌పే కొట్టండి.

డ్రమ్ము మాత్రం బాగానే ఉంది, కడిగి ఎండబెట్టాను. పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు ఎవరి దగ్గరైనా నిజంగా ఎరువు చేస్తున్న పాములుంటే పేడతో కలిపి ఒక గుప్పెడు ఇప్పించండి. నేనే వచ్చి పట్టుకెళ్తాను, మావయ్యగారిని కూడా తీసుకొస్తాను, ఆయన నొక్కి చూశాకే.