నల్లరేగడిలో నాలుగేళ్లు తిరిగిన ఫోర్క్‌లిఫ్ట్

గుంటూరు శివార్లలో మాకు ఫ్లైయాష్ ఇటుకల యార్డు ఉంది. నేల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానపడితే చెప్పులు ఊడదీసుకుంటుంది. మొదట గోదాముల్లో వాడే మామూలు ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చాను. రెండో వానకే ఇరుసు దాకా దిగబడితే ట్రాక్టరు కట్టి లాగించాం. ఆ తర్వాతే ఎగుడుదిగుడు నేలల కోసం చేసిన ఈ టెలిహ్యాండ్లర్ (ముందుకు చాచే పొడవాటి చేయి ఉన్న ఫోర్క్‌లిఫ్ట్) కొన్నాం.

అమ్మినవాళ్లు నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుందని పదిసార్లు చెప్పారు. అది నిజమే. కానీ నా రోజు గడిచేది స్టీరింగుతో. మా బండికి మూడు పద్ధతులున్నాయి. రోడ్డు మీద ముందు చక్రాలే తిరుగుతాయి. యార్డులో నాలుగూ తిరుగుతాయి: వెనకవి ముందువాటికి ఎదురు దిశలో. దీనివల్ల వెనక చక్రాలు ముందు చక్రాల గాడిలోనే నడుస్తాయి. బురదలో కొత్త గాడి తవ్వుకోనక్కరలేదు, ఇంజనూ మూలగదు. ఇటుకల వరసల మధ్య మలుపు ఒక్కసారిలో తిరుగుతుంది. మామూలు స్టీరింగుతో అక్కడే మూడుసార్లు ముందుకూ వెనక్కీ ఆడాలి.

మూడోది పీత నడక. నాలుగు చక్రాలూ ఒకే వైపు తిరిగి బండి ఏటవాలుగా జరుగుతుంది. నెలకు నాలుగైదుసార్లు కూడా వాడం. అయితే గోడను ఆనుకుని ఇటుకలు పేర్చిన ప్యాలెట్ దించాల్సినప్పుడు దానికి సాటి లేదు.

ఒక పద్ధతి నుంచి మరోదానికి మారే ముందు చక్రాలన్నీ తిన్నగా ఉండాలి. లేకపోతే స్టీరింగు మధ్యలో ఉన్నా బండి వంకరగా పోతుంది. చక్రాలు సరిగా ఉన్నాయని చూపే దీపం మాకు ఏడాదికే మొరాయించింది. సెన్సారుకు బురద పట్టడమే కారణం. సర్వీసుకు వచ్చినవాళ్లు రెండుసార్లు మార్చి, రెండుసార్లూ బిల్లేశారు. ఇప్పుడు మా ఆపరేటర్ రోజూ సాయంత్రం అక్కడ నీళ్లు కొడుతున్నాడు. దీపం వెలుగుతోంది.

క్యాబిన్ ఎడమవైపు, బూమ్ (బరువునెత్తే ఆ పొడవాటి చేయి) కుడివైపు. మనకు కుడివైపు కూర్చుని నడపడమే అలవాటు కదా! కుడి మలుపులో బూమ్ అడ్డొచ్చి ఏమీ కనబడదు. మొదటి నెలలో రెండు వరసలు కూల్చాం. అదనపు అద్దం బిగించాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇంకో మాట. ఇటుక మూడు కిలోలు, ప్యాలెట్‌కు 500. అంటే టన్నున్నర. బూమ్ దగ్గరగా, కిందకు ఉంటే తిప్పవచ్చు. పైకెత్తి, ముందుకు చాచి తిప్పితే బండి ఒరుగుతుంది. అప్పుడు మూడు టన్నుల సామర్థ్యమన్న కాగితం అక్కరకు రాదు. కాంక్రీటు గట్టు మీద డిఫరెన్షియల్ లాక్ (రెండు పక్కల చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) వేసి మలుపు తిప్పడం కూడా వద్దు, టైర్లు అరిగిపోతాయి. మేము ఒక జత అలాగే పోగొట్టుకున్నాం.

పక్క యార్డు ఆయన మొన్న ఏప్రిల్‌లో వచ్చి చూసి, తనకూ ఒకటి కావాలన్నారు. ఆగస్టులో, రెండు రోజులు ముసురు పట్టాక రమ్మన్నాను.