బోర్డు పొరల మధ్య రాగి దారి: తీగా, రివెట్టా, ప్లేటింగా, లేజరా – ఏది మేలు?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సొంతంగా ఎలక్ట్రానిక్స్ బోర్డులు చేసుకునేవాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. రాజాం, టెక్కలి, చీపురుపల్లి వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు. భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువుల నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు కంట్రోలర్లు కట్టి ఇచ్చే చిన్న వర్క్‌షాపులున్నాయి. ఒక పొర బోర్డు వీళ్ళందరికీ చేతనవును. టోనర్ ప్రింటు, ఇస్త్రీ పెట్టె, అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ఉంటే పనైపోతుంది. రెండు పొరలు, నాలుగు పొరలు అనేసరికి అందరూ ఒకేచోట ఆగుతారు. పై పొరలోని రాగి ట్రాకును కింది పొరకు, లోపలి పొరకు కలిపేది ఎలా?

దీనికి దారులు చాలా ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు పొరల నమూనా బోర్డుకు తీగ ముక్క చాలు. నాలుగు పొరల బోర్డు అయితే, పైనుంచి కిందికి దూసుకుపోయే, గోడకు రాగి పూత పట్టించిన మామూలు ప్లేటింగ్ బెజ్జమే మేలు, అదీ ఫ్యాక్టరీలోనే చేయించాలి. మిగతా దారులకు కూడా వాటి వాటి చోట్లున్నాయి గానీ మన అవసరాల్లో అవి అరుదు.

తీగ పద్ధతి చూడటానికి మోటుగా ఉన్నా చాలా నమ్మకమైనది. రెసిస్టర్లు బిగించాక కత్తిరించి పారేసే కాళ్ళు దాచుకోండి. 0.8 మి.మీ. బిట్‌తో బెజ్జం వేసి, అందులో ఆ కాలు దూర్చి, పైకొస ఒకవైపుకి, కిందికొస రెండోవైపుకి వంచి ట్రాకు మీదికి అణచాలి. ఇలా రెండు వైపులా వంచకపోతే పైన సోల్డర్ పెట్టేటప్పుడు ఆ వేడికి కింది సోల్డర్ కరిగి తీగ జారిపోతుంది. వంచిన తీగ కదలదు. తర్వాత రెండు పక్కలా సోల్డర్ వేసి, మిగిలిన కొసలు కత్తిరించాలి. లోపలంతా నిండు తీగ కాబట్టి కరెంటు మోయడంలో ఇది ఫ్యాక్టరీ బెజ్జానికేమీ తీసిపోదు, పైగా ఒక మెట్టు ఎక్కువే.

దీనితో ఇబ్బంది వేరేచోట ఉంది. తీగ, దానిమీది సోల్డర్ బొడిపెలా పైకి లేస్తాయి కాబట్టి చిప్పు కింద వేయలేం. కనెక్టర్ల కాళ్ళకు, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల కాళ్ళకు పైవైపు సోల్డర్ చేద్దామన్నా వాటి ఒళ్ళే అడ్డమొస్తుంది. అందుకని డిజైన్ గీసేటప్పుడే అలాంటి భాగాల ట్రాకులన్నీ కిందివైపు ఉండేలా చూసుకోవాలి. బెజ్జాలు నలభై దాటితే ఓపిక కూడా నశిస్తుంది.

రివెట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. సన్నని రాగి గొట్టాన్ని బెజ్జంలో పెట్టి, చిన్న పంచ్‌తో కొడితే రెండంచులూ విచ్చుకుని బెజ్జం చుట్టూ ఉండే రాగి ప్యాడ్లను పట్టుకుంటాయి. 1950ల నాటి బోర్డుల్లో ఐలెట్ల పేరుతో ఇలాంటివే వాడేవారు. ఉత్త బిగింపునే నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటాం. మన తీరపు గాలిలో ఉప్పు, తేమ చేరి ఆ అంచు కింద రాగి నల్లబడుతుంది, కనెక్షన్ ఒకరోజు ఉంటుంది, మరోరోజు ఉండదు. రివెట్టు కొట్టాక కూడా రెండు పక్కలా సోల్డర్ పెట్టాల్సిందే. ఎలాగూ సోల్డర్ తప్పనప్పుడు తీగ ముక్క ఏం పాపం చేసింది? తరచూ పీకి పెట్టే భాగాలుంటే ఆ బెజ్జాలకు రివెట్టు వేయండి, మిగతా వాటికి తీగే నయం.

వెండి పేస్టుతో బెజ్జం నింపి ఆరబెట్టే పద్ధతీ ఉంది. ల్యాబులో ఒకపూట పనికి సరే. చెరువుగట్టు మీద పెట్టే పెట్టెలోకి మాత్రం వద్దు. తేమ ఉండి, పక్కపక్క ట్రాకుల మధ్య డీసీ ఓల్టేజీ ఉంటే వెండి మెల్లగా ఒక ప్యాడ్ నుంచి ఇంకో ప్యాడ్ వైపు పాకి షార్ట్ చేస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ రెండు పొరలకే. నాలుగు పొరల బోర్డులో లోపలి రాగి పొర బెజ్జం గోడలో ఒక సన్నని గీతలా మాత్రమే కనబడుతుంది. దాని మందం 35 మైక్రాన్లు, కొన్నిసార్లు అందులో సగమే. అక్కడికి సోల్డర్ కొస చేరదు. తీగ గోడకు ఆనినా అది కనెక్షన్ కాదు. ఆ గీతను పట్టుకోవాలంటే గోడ మొత్తానికి రాగి పూత పట్టించడం ఒక్కటే దారి. నూతిలో ఒరలు దించినట్టు బెజ్జంలో పైనుంచి కిందిదాకా రాగి గొట్టం కట్టాలన్నమాట.

ఫ్యాక్టరీలో అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి బోర్డుకీ చెడ్డ బోర్డుకీ తేడా అంతా ఇక్కడే ఉంది. ముందుగా 0.3 మి.మీ. కార్బైడ్ బిట్‌తో నిమిషానికి లక్ష చుట్లు దాటే వేగంతో బెజ్జాలు వేస్తారు. ఆ రాపిడి వేడికి, బోర్డులోని గాజు నారను పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు మెత్తబడి, లోపలి రాగి అంచుల మీద మరకలా పులుముకుంటుంది. దాన్ని వేడి పర్మాంగనేట్ ద్రావణంతో కడిగేస్తారు. ఈ కడగడం సరిగ్గా జరగకపోతే పైన ఎంత మంచి పూత వేసినా లోపలి పొరకు, గోడకు మధ్య ఒక ఎపాక్సీ తెర మిగిలిపోతుంది. బోర్డు కొత్తగా ఉన్నప్పుడు పనిచేస్తుంది, వేడెక్కితే విడిపోతుంది.

కడిగాక గోడ మీద పల్లాడియం కణాలు అంటిస్తారు. ఎపాక్సీ, గాజు నార కరెంటును పోనివ్వవు కాబట్టి నేరుగా ఎలక్ట్రోప్లేటింగ్ చేయలేం. పల్లాడియం ఉన్నచోట, కాపర్ సల్ఫేట్, ఫార్మాల్డిహైడ్, క్షారం కలిసిన ద్రావణపు తొట్టిలో, అంటే బాత్‌లో, కరెంటు లేకుండానే రాగి దానంతటదే పేరుకుంటుంది. ఇది పలచటి పొర, ఒకటీ అరా మైక్రాన్లు. దాని మీద ఆమ్లపు కాపర్ సల్ఫేట్ బాత్‌లో కరెంటు పెట్టి అసలు మందం పెంచుతారు. చదరపు డెసీమీటరుకు 2 ఆంపియర్లు ఇస్తే నిమిషానికి సుమారు 0.44 మైక్రాన్లు పెరుగుతుంది. 25 మైక్రాన్లకు దాదాపు గంట పడుతుంది. 10 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవున్న బోర్డుకు రెండు వైపులా కలిపి 6 ఆంపియర్లు కావాలి. తొందరపడి కరెంటు పెంచితే బెజ్జం మూతుల దగ్గర రాగి దట్టంగా పేరుకుంటుంది, నడుమ పలచబడిపోతుంది. బోర్డు మందంతో పోలిస్తే బెజ్జం ఎంత సన్ననైతే ఈ జబ్బు అంత ఎక్కువ. 1.6 మి.మీ. బోర్డులో 0.3 మి.మీ. బెజ్జమంటే, బోర్డు మందం బెజ్జం వెడల్పుకు అయిదింతల పైచిలుకు. అది ఏ మంచి ఫ్యాక్టరీకైనా అలవాటైన పనే.

ఈ మందం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. వేడికి ఈ ఎపాక్సీ, గాజు నారల బోర్డు (ఎఫ్ఆర్-4) మందం వైపు బాగా ఉబ్బుతుంది, రాగి అంత ఉబ్బదు. సోల్డరింగ్ ఓవెన్‌లో బోర్డు 245 డిగ్రీలకు వెళ్ళినప్పుడు లెక్క వేస్తే, 1.6 మి.మీ. బోర్డు సుమారు 50 మైక్రాన్లు పెరుగుతుంది. అంతే పొడవున్న రాగి గొట్టం తనంతట తాను పెరిగేది 6 మైక్రాన్లే. మిగతాదంతా రాగి సాగాల్సిందే. గోడ పలచగా ఉంటే నడుము దగ్గర చుట్టూ పగులుతుంది. చెరువుగట్టు మీది ఏరేటర్ పెట్టెలో ఈ లాగుడు చిన్నదే అయినా రోజూ ఉంటుంది: మధ్యాహ్నం ఎండకు రేకు కాలిపోతుంది, మోటారు ఆన్ ఆఫ్ అవుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. ఓవెన్‌లోనే సన్నని పగులు పడ్డ బెజ్జం అక్కడ ఎక్కువ కాలం నిలవదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళ కంట్రోలర్ ఆగిపోతే రైతుకు ఒక్క రాత్రిలో పంట పోతుంది. నాకు ఈ విషయంలో టెన్షన్ అందుకే.

మరి ఈ ప్లేటింగ్ ఇక్కడే చేసుకోకూడదా? “సార్, వీడియోలో బకెట్లో చేసేశారు కదా” అని పిల్లలు అడుగుతుంటారు. రాగి పట్టడం వరకు నిజమే. కానీ ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఎగ్జాస్టు లేని గదిలో దాని ఆవిరి పీల్చుతూ పిల్లల్ని నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. వాడేసిన బాత్ సంగతి ఇంకా కష్టం. అందులో రాగిని, అది కరిగి ఉండేందుకు కలిపే ఈడీటీఏ అనే రసాయనం గట్టిగా పట్టుకుని ఉంటుంది, సున్నం వేసినా సులువుగా అడుక్కి దిగదు. దాన్ని సింకులో పారబోస్తే కాలువలోకి, అక్కడి నుంచి నాగావళికో చంపావతికో చేరుతుంది. ఆ నీళ్ళే మన ఊళ్ళు తాగేది.

ఫార్మాల్డిహైడ్ లేని దారి కూడా ఉంది. బెజ్జం గోడకు సన్నటి కార్బన్ పొడి పూత పట్టించి, ఆరబెట్టి, రాగి ముఖాల మీద పడ్డ కార్బన్‌ను తేలికపాటి ఎచింగ్‌తో ఊడగొట్టి, నేరుగా ఎలక్ట్రోప్లేటింగ్‌కు పంపుతారు. పల్లాడియం ఖర్చు లేదు, నీళ్ళ వాడకం తక్కువ. పరిశ్రమలోనూ ఏళ్ళుగా వాడుతున్నదే. కాలేజీ ల్యాబు ఏదైనా రెండు పొరల బోర్డులకు ప్లేటింగ్ లైన్ పెట్టుకోవాలనుకుంటే నేను ఈ పద్ధతికే ఓటేస్తాను, వాడిన నీళ్ళను శుద్ధి చేసే ఏర్పాటుతో కలిపి. నాలుగు పొరలకు మాత్రం ఇదీ చాలదు. పొరల మధ్య ప్రీప్రెగ్ (ఎపాక్సీ పట్టించిన గాజు నార గుడ్డ) పెట్టి, వ్యాక్యూమ్‌లో, 180 డిగ్రీల వేడితో, ఒత్తిడితో అతికించే ప్రెస్సు కావాలి. పొరలు ఒకదాని మీద ఒకటి తేడా లేకుండా కూర్చోవాలి. పెట్టుబడి పెట్టి చేయాల్సిన పని అది. మన దేశంలోనే ఆ ఫ్యాక్టరీలున్నాయి, ఫైళ్ళు పంపితే బోర్డులు కొరియర్‌లో ఇంటికొస్తాయి.

పంపేటప్పుడు అడగాల్సినవి అడగాలి. ఐపీసీ అనే ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ ప్రమాణాల ప్రకారం బెజ్జం గోడ రాగి సగటు మందం మామూలు సరుకుకు 20 మైక్రాన్లు, ఎక్కువ నమ్మకం కావాల్సిన సరుకుకు 25. ఆర్డర్‌లో 25 అని రాయండి. టీజీ, అంటే ఎపాక్సీ గట్టితనం పోయి మెత్తబడే వేడి, 150 డిగ్రీలు గానీ పైన గానీ ఉన్న లామినేట్ (బోర్డు పలక) అడగండి. మోటారు కరెంటు పోయే చోట ఒక్క బెజ్జాన్ని నమ్ముకోకుండా, నేనైతే ఆంపియరుకొకటి చొప్పున వేస్తాను. ఒక్కోదాని నిరోధం ఒక మిల్లీ ఓమ్ పైచిలుకే గానీ, ఒకటి పగిలినా మిగతావి పని నడుపుతాయి.

మీటర్ పెట్టి బీప్ వింటే సరిపోదు. అయిదు మైక్రాన్ల గోడ కూడా టక్కున బీప్ ఇస్తుంది. బోర్డుతో పాటు కూపన్, అంటే అదే పలకలో అలాంటి బెజ్జాలతోనే పరీక్ష కోసం చేసే ముక్క, పంపమని అడిగి, దాన్ని మీరే కోసి చూడండి. ముక్కను పారదర్శకమైన రెజిన్‌లో నిలబెట్టి గట్టిపడనివ్వాలి. నీళ్ళు పోస్తూ 220 ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 400, 800, 1200, 2000 దాకా అరగదీయాలి. బెజ్జం వెడల్పు 0.3 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా మధ్యకు చేరినట్టు. మధ్యకు రాకముందే కొలిస్తే గోడ ఉన్నదానికంటే లావుగా కనబడి మోసపోతాం. తర్వాత ఇత్తడి పాలిష్‌తో మెరుగుపెట్టి, పైనుంచి టార్చి వెలుతురు వేసి, బయాలజీ ల్యాబులో ఉండే మామూలు మైక్రోస్కోపు కింద పెట్టండి. గులాబి రంగు రాగి గోడ రెండు గీతల్లా కనబడుతుంది. లోపలి పొర ఆ గీతను తాకే చోట నల్లని గీర ఉంటే అది కడగని ఎపాక్సీ మరక. నడుమ పలచబడితే కంటికే తెలుస్తుంది. అసలు పరీక్ష ఏమిటంటే, కూపన్‌ను 288 డిగ్రీల సోల్డర్ మీద 10 సెకన్లు తేలేసి, ఆ తర్వాత కోసి చూడటం. అప్పటికీ పగులు లేకపోతే ఆ ఫ్యాక్టరీని వదలకండి.

ఇక లేజర్ మైక్రోవయాలు, బ్లైండ్, బరీడ్ వయాలు. వయా అంటే పొరల్ని కలిపే రాగి బెజ్జమే, లేజర్‌తో వేసే మరీ చిన్నది మైక్రోవయా. బయటి పొర నుంచి లోపలి పొర దాకా మాత్రమే దిగేది బ్లైండ్, పూర్తిగా లోపలే ఉండేది బరీడ్. ఫోన్లలో ఉన్నవి ఇవే. బరీడ్ వయా ఉంటే బోర్డును విడతలు విడతలుగా ప్రెస్సు చేయాలి, ప్రతి విడతకూ డ్రిల్లింగ్, ప్లేటింగ్ మళ్ళీ మొదలు, ఖర్చు అందుకే ఎగబాకుతుంది. మైక్రోవయా లోతు దాని వెడల్పును మించకపోతే రాగి బాగా పట్టి బలంగా ఉంటుంది. ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చినప్పుడు మాత్రం అడుగు అతుకు దగ్గర విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. పేర్చకుండా పక్కకు జరిపి వేయడం మంచిది. ఏరేటర్ కంట్రోలర్‌కో, చివరి ఏడాది ప్రాజెక్టుకో వీటి అవసరం రాదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క క్లిక్కుతో బ్లైండ్ వయా వేసేయొచ్చు గనక పిల్లలు తెలియకుండానే వేసేస్తుంటారు. పంపేముందు డ్రిల్ ఫైలు తెరిచి, ప్రతి బెజ్జం మొదటి పొర నుంచి చివరి పొరదాకా పోతోందో లేదో చూసుకోండి. అడుగున కాళ్ళకు బదులు సోల్డర్ బంతులుండే బీజీఏ చిప్పును, ఆ బంతులు 0.4 మి.మీ. దూరంలో ఉన్నదాన్ని ఎంచుకుంటే తప్ప ఆ ఖర్చు పెట్టక్కర్లేదు. అదే పని చేసే చిప్పు 0.8 మి.మీ. దూరంతో దొరికితే దాన్నే తీసుకోండి, మామూలు బెజ్జాలతో బయటపడతారు.