కొబ్బరి తోటల్లో మూడేళ్లు వాడాక: నా సర్వే రోవర్ సంగతి

అమలాపురం చుట్టుపక్కల ప్రైవేటుగా పొలాలు కొలుస్తుంటాను. మూడేళ్ల కింద గొలుసు పక్కనపెట్టి శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే రోవర్ కొన్నాను. శాటిలైట్లు పంపే ఎల్1, ఎల్2, ఎల్5 అనే మూడు ఫ్రీక్వెన్సీలనూ అందుకునే రకం. వరిచేలో నిలబెడితే నిమిషంలోపే ఫిక్స్ వస్తుంది (అంటే చోటు కచ్చితంగా తేలిందని రోవర్ చెబుతుంది), రెండు సెంటీమీటర్ల తేడాలో పాయింట్ పడుతుంది. అక్కడ వంక పెట్టడానికి ఏమీ లేదు.

అసలు పరీక్ష కొబ్బరి తోటలోనే. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నల్ నేలకు చేరేసరికే నీరసించి ఉంటుంది. తడిసిన మట్టలు దాన్ని ఇంకా మింగేస్తాయి. చెట్ల మొదళ్లకు తగిలి తిరిగొచ్చేది కాస్త ఆలస్యంగా చేరి లెక్కను చెడగొడుతుంది.

మొదటి ఏడాది అంబాజీపేట వైపు అన్నదమ్ముల పంపకం కొలిచాను. స్క్రీన్ మీద ఫిక్స్, తేడా రెండు సెంటీమీటర్లే అని చూపించింది. రాయి పాతించాను. మర్నాడు మళ్లీ పెడితే పాయింట్ 38 సెంటీమీటర్లు పక్కకు పడింది. పెద్దాయన నా వైపు చూసి, "ఏవండీ, నిన్న ఇక్కడ కాదు కదండీ?" అన్నారు. అరవై మీటర్ల హద్దు మీద ఆ తేడా అర సెంటు పైమాటే. రాయి తీయించి, డబ్బు తీసుకోకుండా మొత్తం మళ్లీ కొలిచాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పట్నుంచి తోటలో ఒక్క ఫిక్స్‌ను నమ్మను. దిగంతానికి 15 డిగ్రీలలోపు ఉన్న శాటిలైట్లను లెక్కలోంచి తీసేస్తాను. పాయింట్ తీశాక ఫిక్స్‌ను రద్దు చేసి కొత్తగా పట్టిస్తాను. అరగంట పోయాక, శాటిలైట్లు చోటు మారాక ఇంకోసారి. మూడూ కలవకపోతే ఆ పాయింట్ వదిలేస్తాను. మరీ చిక్కటి తోటైతే బయట గట్టు మీద రెండు పాయింట్లు పెట్టుకుని, లోపలికి టోటల్ స్టేషన్‌తో (శాటిలైట్లతో పనిలేకుండా కోణం, దూరం కొలిచే పరికరం) వెళ్తాను. కూలి ఎక్కువవుతుంది, అయినా అదే సరైన పద్ధతి.

ఎల్5 వల్ల మేలు కనిపించింది. దాని కోడ్ (సిగ్నల్‌లో వచ్చే గుర్తుల వరుస) పాత ఎల్1 కోడ్ కంటే పది రెట్లు వేగం. అందుకే ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వనిని అసలు సిగ్నల్ నుంచి విడదీయడం తేలిక.

భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర పాయింట్లు ఊగితే మొదట ఏరియేటర్ మోటార్లను అనుమానించాను. ఆపించి చూసినా మారలేదు. నీళ్ల నుంచీ, పక్కనున్న రేకుల షెడ్డు నుంచీ తిరిగొచ్చే సిగ్నలే కారణం. చెరువు అంచు నుంచి వెనక్కి జరిగితే కుదురుకుంది.

ఇంకొకటి. మార్చి, ఏప్రిల్ నెలల్లో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పొద్దుగూకాక ఫిక్స్ ఊడిపోతుంటుంది. మన ప్రాంతం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఆ వేళల్లో పైనున్న అయనోస్ఫియర్ (వాతావరణంలో విద్యుదావేశం ఉన్న పై పొర) కల్లోలంగా ఉండి సిగ్నల్‌ను చెదరగొడుతుంది. 2024లో సూర్యుడి ఉద్ధృతి పెరిగినప్పుడు బాగా ఇబ్బంది పడ్డాను. ఆ నెలల్లో ఆరింటికల్లా పెట్టె కట్టేస్తాను.

గోదావరి లంకల్లో మొబైల్ నెట్ సరిగా అందదు. నెట్ ద్వారా రోవర్‌కు అందే లెక్క సవరణలు ఆగితే అది ఫ్లోట్‌లోకి, అంటే ఉజ్జాయింపు లెక్కలోకి జారిపోతుంది. ఒకచోట నిలిపి ఆ సవరణలు పంపే సొంత బేస్ రిసీవర్, రేడియో ఉంటే ఆ బాధ లేదు.

కొనాలనుకునేవాళ్లు ఖాళీ మైదానంలో చూపించే డెమోకు సరే అనకండి. మీ ఊరి తోటలో ఒకే రాయి మీద పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పెట్టి చూపించమని అడగండి.