ప్లే ఎవరు ఎంచుకోవాలి: హెడ్ కోచా, కోఆర్డినేటరా?

ఆస్టిన్‌లో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో పిల్లలు టెక్సస్ యూనివర్సిటీలో చేరిన దగ్గర నుంచి పెద్దవాళ్ళకు కూడా శనివారం అంటే ఆ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్ ఆటే. మా ఇల్లూ అంతే. జట్టు ఓడిన మర్నాడు నాకు వచ్చే మెసేజ్‌లలో సగానికి పైగా ఒకటే అడుగుతాయి. స్టీవ్ సార్కీసియన్ హెడ్ కోచ్‌గా ఉంటూ ప్లే కాలింగ్ (ప్రతిసారీ ఏ ఎత్తుగడ, అంటే ఏ ప్లే ఆడాలో ఎంచుకుని చెప్పడం) కూడా తానే ఎందుకు చేయాలి, ఆ పని పూర్తిగా ఒక కోఆర్డినేటర్‌కు, అంటే అఫెన్స్‌ను (బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఆడే విభాగాన్ని) చూసుకునే సహాయక కోచ్‌కు అప్పగిస్తే మేలు కదా అని. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళకు విడిగా జవాబు చెబుతూ వచ్చాను. ఈసారి అంతా ఒకచోట రాస్తున్నాను.

మా దగ్గర ఈ వాదన ముదిరింది 2025 జనవరి 10 రాత్రి. ఆర్లింగ్టన్‌లో కాటన్ బౌల్, ప్లేఆఫ్ సెమీఫైనల్. ఒహాయో స్టేట్ 21, టెక్సస్ 14. ఆట ముగియడానికి నాలుగు నిమిషాలు కూడా లేవు. పాస్ పట్టబోయేవాడిని అడ్డుకున్నందుకు ఒహాయో స్టేట్‌కు పడిన పెనాల్టీతో మన బంతి, పాయింట్లు వచ్చే చోటైన ఎండ్ జోన్‌కు ఒక్క గజం దూరంలోకి వచ్చింది. నాలుగు అవకాశాలు, ఒక్క గజం. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. మొదటి డౌన్‌లో మన జెరిక్ గిబ్సన్ మధ్యలోకి దూసుకెళ్ళాడు, ఏమీ రాలేదు. రెండో డౌన్‌లో బంతిని పక్కకు టాస్ చేశారు. క్వింట్రెవియన్ విస్నర్ దాన్ని అందుకుని తిరిగేసరికే ఒహాయో స్టేట్ డిఫెన్స్ అతని మీదికి వచ్చేసింది. ఏడు గజాలు నష్టం. మా అమ్మాయి సోఫాలోంచి లేచి నిలబడింది. "నాన్నా, కావలసింది ముందుకు ఒక్క గజమే కదా, బంతిని వెనక్కి ఎందుకు వేశారు?" అంది. మూడో డౌన్‌లో పాస్ వృథా. నాలుగో డౌన్‌లో ఒహాయో స్టేట్ ఆటగాడు జాక్ సాయర్ వచ్చి, పాస్‌లు వేసే మన క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని ఊడగొట్టి, తానే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. యూవర్స్ ఒహాయో స్టేట్‌లో ఉన్న రోజుల్లో ఒకే గదిలో ఉన్న మిత్రుడే ఈ సాయర్. 28-14. అంతటితో సీజన్ ముగిసింది.

ఆ రెండో డౌన్ టాస్ గురించి అభిమానులు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. నాకూ అది మింగుడుపడదు. అయినా ఆ ఒక్క ప్లేను పట్టుకుని తీర్పు చెప్పడం న్యాయం కాదు. హెడ్ కోచ్ స్వయంగా ప్లేలు ఎంచుకోవడంలో ఉన్న బలం కూడా మనం అదే జట్టులో, అదే నెలలో చూశాం.

జనవరి 1న పీచ్ బౌల్ గుర్తు తెచ్చుకోండి. అరిజోనా స్టేట్‌తో ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్ళింది. మనం ఏడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నాలుగో డౌన్, 13 గజాలు కావాలి. యూవర్స్ వేసిన 28 గజాల పాస్‌ను మాథ్యూ గోల్డెన్ ఎండ్ జోన్‌లో పట్టుకున్నాడు. రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో గెలిచాం. ప్రాణం మీదికి వచ్చిన వేళ అలాంటి ప్లే పిలవాలంటే ఆ అఫెన్స్‌ను అణువణువునా కట్టినవాడే పిలవాలి. సార్కీసియన్ కట్టిన అఫెన్స్ అది. 2021లో ఆయన వచ్చిన తొలి ఏడాది 5-7, అంటే అయిదు గెలుపులు, ఏడు ఓటములు. తర్వాత 8-5, 12-2, 13-3. ఈ మెట్లన్నీ ఆయన తన చేత్తో ప్లేలు ఎంచుకుంటూ ఎక్కినవే. పేరుకు కోఆర్డినేటర్‌గా కైల్ ఫ్లడ్ ఉన్నారు, అఫెన్సివ్ లైన్ (ముందు వరుసలో నిలబడి దారి చేసే ఆటగాళ్ళు) బాధ్యత కూడా ఆయనదే. ప్లే పిలిచే గొంతు మాత్రం సార్కీసియన్‌దే.

ఈ పద్ధతికి ఇంకో బలం స్థిరత్వం. మంచి కోఆర్డినేటర్ ఒకచోట నిలవడు. అలబామాలో హెడ్ కోచ్ నిక్ సేబన్ దగ్గర 2014 నుంచి 2023 వరకు ఆ కుర్చీలో ఎంతమంది మారారో చూడండి: లేన్ కిఫిన్, సార్కీసియన్, బ్రయన్ డాబోల్, మైక్ లాక్స్‌లీ, మళ్ళీ సార్కీసియన్, బిల్ ఓబ్రయన్, టామీ రీస్. సేబన్ లాంటి మనిషి కాబట్టి ఇన్ని మార్పులు తట్టుకున్నారు. 2024లో ఒహాయో స్టేట్‌కు కోఆర్డినేటర్‌గా వచ్చిన చిప్ కెల్లీ కూడా ఒక్క సీజన్ కాగానే ప్రొఫెషనల్ ఆటలోని రైడర్స్ జట్టుకు వెళ్ళిపోయారు. హెడ్ కోచే ప్లేలు పిలిస్తే, ఆయన ఉన్నంతకాలం క్వార్టర్‌బ్యాక్ ఒకే భాష నేర్చుకుంటాడు, ఒకే గొంతు వింటాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి అది చిన్న విషయం కాదు.

ఇక మరోవైపు. ఒక ప్లేకూ ఇంకో ప్లేకూ మధ్య గడియారం ఇచ్చేది 40 సెకన్లు. 2024 నుంచి కాలేజీ ఆటలో కూడా హెల్మెట్‌లో రేడియో వచ్చింది, కానీ గడియారంలో 15 సెకన్లు మిగలగానే అది ఆగిపోతుంది. అంటే ప్లే పిలిచేవాడి చేతిలో ఉన్నది 25 సెకన్లు. అదే 25 సెకన్లలో హెడ్ కోచ్ తేల్చుకోవలసినవి వేరే ఉంటాయి. టైమ్ఔట్ తీసుకోవాలా, నాలుగో డౌన్‌లో తెగించాలా లేక కిక్ చేయాలా, రిఫరీ ఇచ్చిన నిర్ణయాన్ని సవాలు చేయాలా, గడియారాన్ని నడవనివ్వాలా. విడిగా కోఆర్డినేటర్ ఉంటే ఆయన పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుని మైదానం మొత్తం ఒక్క చూపులో చూడగలడు. హెడ్ కోచ్‌కు ఆ వీలు లేదు, సైడ్‌లైన్‌లో జట్టు మధ్యన నిలబడక తప్పదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి నడిపేవాళ్ళు లేకపోలేదు. ఏటి మధ్యలో సుడి వచ్చినప్పుడే కష్టం.

అయితే నా దృష్టిలో అసలు విషయం సమయం కూడా కాదు. ప్లే పిలిచేవాడికి "వద్దు" అని చెప్పగలిగే అధికారం ఎవరికైనా ఉందా, లేదా అన్నదే నాకు ముఖ్యం.

మన క్రికెట్ చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కెప్టెనే బౌలర్ అయితే ఎప్పుడూ ఒక చిక్కు ఉంటుంది: తనను తాను ఎప్పుడు ఆపుకోవాలి? ఇంకో బౌలర్‌ను రెండు ఓవర్లు కొట్టించుకోగానే మార్చే కెప్టెన్, తన చేతిలో బంతి ఉన్నప్పుడు ఇంకొక్క ఓవర్ వేస్తే వికెట్ పడుతుందనే అనుకుంటాడు. అందులో అహంకారం ఏమీ లేదు. తన ఆలోచన లోపల నుంచి ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది. దాన్ని బయట నుంచి చూసే కన్ను ఒకటి కావాలి, ఆ కన్నుకు అధికారం కూడా ఉండాలి. ప్లేలు పిలిచే హెడ్ కోచ్ కింద పనిచేసే సహాయకుడు సలహా ఇవ్వగలడు. ఆపలేడు. అదే కోఆర్డినేటర్ ప్లే పిలుస్తుంటే, హెడ్‌సెట్‌లో హెడ్ కోచ్ ఒక్క మాటతో ఆపగలడు: "పక్కకు వద్దు, ముందుకు పో."

దీనికి నేను చూపించే ఉదాహరణ మనల్ని ఓడించిన జట్టే. హెడ్ కోచ్ రయన్ డే ఒహాయో స్టేట్‌లో ఏళ్ళ తరబడి తానే ప్లేలు పిలిచారు. 2024లో ఆ పని చిప్ కెల్లీకి ఇచ్చేశారు. న్యూ హాంప్‌షైర్‌లో డే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన రోజుల్లో కోఆర్డినేటర్‌గా ఉన్నది ఈ కెల్లీయే. యూసీఎల్‌ఏలో హెడ్ కోచ్ పదవి వదులుకుని శిష్యుడి కింద పనిచేయడానికి వచ్చారు. ఇచ్చేసినంత మాత్రాన అంతా సవ్యంగా సాగలేదు. నవంబర్ 30న సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడారు. మిషిగన్ బలమంతా డిఫెన్సివ్ లైన్ మధ్యలో ఉంటే, పోయి పోయి ఆ మధ్యలోకే పరుగు ప్లేలు పిలిచారు. అటు చివర జెరెమయా స్మిత్ లాంటి రిసీవర్ (పాస్‌లు పట్టేవాడు) ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ఒహాయో స్టేట్ ఊరైన కొలంబస్‌లో అభిమానుల కోపం, కాటన్ బౌల్ తర్వాత ఆస్టిన్ కోపానికి ఏ మాత్రం తక్కువ కాదు.

తేడా అంతా ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. మూడు వారాలకు టెనెసీతో ఆటలో మొదటి క్వార్టర్ ముగిసేసరికి 21-0. రోజ్ బౌల్‌లో ఆరెగన్ మీద మొదటి సగంలోనే 34-0 దాకా వెళ్ళారు. అదే కోఆర్డినేటర్, అవే ప్లేలు, ఎంపిక మాత్రం పూర్తిగా మారింది. బంతి మొదటి నుంచే రిసీవర్ల చేతికి వెళ్ళింది. ప్లే కాలింగ్ బరువు భుజాల మీద లేని హెడ్ కోచ్, ఓటమిని తన తప్పులా సమర్థించుకోవలసిన అవసరం లేకుండా, కోఆర్డినేటర్ పనిని కోఆర్డినేటర్ పనిగానే చూసి దిద్దగలిగారని నేను నమ్ముతాను. కాటన్ బౌల్‌లో మనం 7-7 చేసి ఊపిరి పీల్చుకున్నామో లేదో, మొదటి సగంలో అర నిమిషం కూడా మిగలని వేళ, మన డిఫెన్స్ పొడవు పాస్ కోసం వెనక్కి జరిగి ఉండగా, ట్రెవియన్ హెండర్సన్‌కు చిన్న స్క్రీన్ పాస్ వేశారు. 75 గజాల టచ్‌డౌన్. ఫైనల్‌లో నోట్రడామ్ ఎనిమిది పాయింట్ల దూరంలోకి వచ్చినప్పుడు, మూడో డౌన్‌లో 11 గజాలు కావలసి ఉండగా, పరుగు ప్లేతో గడియారం కరిగించకుండా స్మిత్‌కు 56 గజాల పాస్ వేశారు. 34-23, జాతీయ టైటిల్.

కుర్చీలు రెండు వేసినంత మాత్రాన సరిపోదని చెప్పడానికి అయోవాను మించిన సాక్ష్యం లేదు. హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్, అఫెన్సివ్ కోఆర్డినేటర్ ఆయన కుమారుడు బ్రయన్ ఫెరెంట్జ్. 2023లో కుమారుడి జీతం 50,000 డాలర్లు తగ్గించి, ఆటకు సగటున 25 పాయింట్లు రావాలని కాంట్రాక్టులోనే రాశారు. వచ్చిన సగటు 15.4. దేశంలో అందరికంటే తక్కువ గజాలు సాధించిన అఫెన్స్ అది. డిఫెన్స్ మోసుకుపోబట్టి పది ఆటలు గెలిచారు. చివరికి సీజన్ మధ్యలోనే, వచ్చే ఏడాది ఆయన ఉండరని ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన తండ్రి నుంచి రాలేదు, అథ్లెటిక్ డైరెక్టర్ కార్యాలయం నుంచి వచ్చింది. మైదానంలో ఇద్దరు ఉన్నారు, "వద్దు" అనవలసిన మాట మాత్రం అక్కడ పుట్టలేదు. కన్నకొడుకు కష్టాన్ని కళ్ళెదుట చూస్తున్న తండ్రిని నేను తప్పుపట్టలేను. అయినా ఆ ఏర్పాటును విడి కోఆర్డినేటర్ పద్ధతి కింద లెక్కవేయడం కుదరదు.

మన పొరుగున టెక్సస్ ఏ అండ్ ఎం సంగతి అందరికీ తెలిసిందే. హెడ్ కోచ్ జింబో ఫిషర్ తానే ప్లేలు పిలిచారు. 2022 సెప్టెంబర్‌లో అప్పలేచియన్ స్టేట్ జట్టు ఏ అండ్ ఎం మైదానానికే వచ్చి 17-14తో ఓడించి వెళ్ళిన రోజు ఏ అండ్ ఎం అఫెన్స్ ఆట మొత్తంలో ఆడింది 38 ప్లేలే. ఆ సీజన్ 5-7. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు 2023లో బాబీ పెట్రీనోను కోఆర్డినేటర్‌గా తెచ్చారు. నవంబర్‌లో 51-10తో గెలిచిన మర్నాడే ఫిషర్‌ను పంపించేశారు. దానికి విశ్వవిద్యాలయం ఒప్పుకున్న మూల్యం 7.5 కోట్ల డాలర్లకు పైనే.

మూడో దారి గురించి కూడా కొందరు అడుగుతారు: ఇద్దరు ముగ్గురు కలిసి ప్లేలు ఎంచుకోవడం. 2019లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) స్టీవ్ ఎన్స్‌మింగర్, జో బ్రేడీల జంటతో 15-0 సాధించింది. ఆ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా జో బరో ఉన్నాడు. మిగతా చోట్ల పదిమంది చేతిలో పాము చావదు. ప్లే మొదలయ్యే గీత దగ్గర నిలబడి క్వార్టర్‌బ్యాకే అన్నీ మార్చుకోవడం కాలేజీ కుర్రవాళ్ళకు అరుదుగా సాధ్యమయ్యే పని, దాని మీద ఎక్కువ చెప్పను.

కాబట్టి నా మొగ్గు విడి కోఆర్డినేటర్ వైపే, హెడ్ కోచ్ చేతిలో ఆపే అధికారంతో. సార్కీసియన్ వరకు ఇంకో మాట చెప్పాలి. 2025 ఆగస్టు 30న కొలంబస్‌లో మళ్ళీ అదే ఒహాయో స్టేట్, మళ్ళీ అదే ఒక్క గజం. నాలుగో డౌన్‌లో ఈసారి టాస్ లేదు. మనమందరం ఎనిమిది నెలలుగా అడుగుతున్నట్టే మన కొత్త క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ బంతి పట్టుకుని నేరుగా ముందుకు దూరాడు. ఆపేశారు. 14-7తో ఓడాం. ఎంపిక సరైనదే, లైన్ ముందుకు నెట్టలేకపోయింది. గజం దూరంలో ఓడిన ప్రతిసారీ తప్పు ప్లే పిలిచినవాడిదే అనడం ఆయనకు అన్యాయం.

అందుకే ఆయన చేతిలోంచి ప్లే షీట్ లాగేసుకోమని నేను అనను. అఫెన్స్ ఆయనదే, వారమంతా ఆయనే తయారు చేయాలి, మొదటి నుంచీ ఆయనే పిలవాలి. బంతి అయిదు గజాల లోపలికి వచ్చినప్పుడు, నాలుగో డౌన్ వచ్చినప్పుడు మాత్రం పైన ప్రెస్ బాక్స్‌లో ఒకరు ఉండాలి. అనుభవం ఉన్నవాడై, ఉద్యోగం పోతుందన్న భయం లేనివాడై, ఆయన స్వయంగా "నన్ను ఆపు" అని మాట ఇచ్చి కూర్చోబెట్టినవాడై ఉండాలి. మొన్న ఇదే మాట మా అమ్మాయితో అంటే, తను కాసేపు ఆలోచించి, "అలా ఉంటే ఆ గోల్డెన్ పాస్‌ను కూడా ఆపేసేవాళ్ళేమో, నాన్నా" అంది. నాలుగో డౌన్‌కు 13 గజాలు కావాలంటే ఎవరూ ఆపరు అన్నాను. తను ఒప్పుకోలేదు.