అద్దె గదిలో ఇండక్షన్ పొయ్యి: డిగ్రీ మూడేళ్లూ వండుకున్నాక

విజయనగరంలో గది తీసుకుని చదువుకునేవాళ్లకి గ్యాస్ బండ అంత సులువుగా కుదరదు. ఓనర్లు ఒప్పుకోరు, ఒప్పుకున్నా మేడ మీదికి మోసుకెళ్లాలి. అందుకే ఫస్టియర్‌లోనే నేనూ మా రూమ్మేటూ సగం సగం వేసుకుని ఇండక్షన్ పొయ్యి కొన్నాం. 2,000 వాట్లది, టచ్ కాకుండా బటన్లున్నది. ఇప్పుడు ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాం, ఇన్నాళ్లూ రెండు పూటలా దాని మీదే వంట. కొన్న వారానికే రాసిన సమీక్షలు చూస్తే నీళ్లు భలే తొందరగా మరిగాయనే ఉంటుంది. చోడి (రాగి పిండి) అంబలి అడుగంటకుండా వస్తుందా, ఆవపెట్టిన కూర చేదెక్కకుండా దింపగలమా, నెలాఖరుకి కరెంటు ఎంతవుతుంది అనేవి ఎక్కడా కనపడవు. ఇంటి వంట లేకపోతే ఉండలేని మన జిల్లాల పిల్లలకి కావలసినవి అవే కదా.

కొనొచ్చు. నేను మనస్ఫూర్తిగా కొనమనే చెబుతాను. కాకపోతే పొయ్యి కంటే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి: గోడకున్న ప్లగ్గు, వండే గిన్నె.

మా మావయ్య కరెంటు పని చేస్తాడు. పొయ్యి కొంటున్నానని ఫోన్ చేస్తే ధర అడగలేదు, కంపెనీ అడగలేదు. "ముందల, గదిలో ప్లగ్గు సూసుకో అమ్మా, పొయ్యి ఎప్పుడైనా కొనీవచ్చు" అన్నాడు. లెక్క కూడా ఆయనే చెప్పాడు. 2,000 వాట్లని 230 వోల్టులతో భాగిస్తే దగ్గర దగ్గర 8.7 ఆంపియర్లు. ఫోన్ చార్జర్లు, టేబుల్ ఫ్యానూ పెట్టుకునే మామూలు సాకెట్టు 6 ఆంపియర్లది. పొయ్యి ప్లగ్గు పిన్నులు లావుగా ఉండేది అందుకే, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. చాలా గదుల్లో అది ఉండదు. అప్పుడు పిల్లలు లావు పిన్నులు పట్టే మల్టీప్లగ్గు ఒకటి తెచ్చి సన్న సాకెట్లో దూర్చేస్తారు. పక్క గదిలో అలా పెట్టినవాళ్ల స్విచ్‌బోర్డు నల్లగా మాడింది, కాలిన ప్లాస్టిక్ వాసన మా గది దాకా వచ్చింది. ఓనరుగారితో మాట్లాడి, మీటరు దగ్గర నుంచి విడిగా ఒక లైను లాగించుకోండి. మేం తీగ ఖర్చు పెట్టుకుంటామన్నాం, ఆవిడ మనిషిని పిలిపించారు. దీనికి వెనకాడకండి, అగ్నితో పని ఇది.

ఇక గిన్నెలు. గాజు పలక కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు ఆడితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది గిన్నె అడుగులో కరెంటు పుట్టించి గిన్నెనే వేడెక్కిస్తుంది. పొయ్యి కాలేది గిన్నె కాలినందువల్లే. అంచేత అయస్కాంతం అతుక్కునే అడుగున్న గిన్నెలే దీనికి పనికొస్తాయి. ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న సత్తు (అల్యూమినియం) గిన్నెలు, ఇత్తడి గిన్నె, మట్టి దాక, అమ్మ చారు కాచే రాచ్చిప్ప అన్నీ అటక మీదికే. స్టీలులోనూ అన్నీ పనిచేయవు. ఒకే కొట్లో కొన్న రెండు స్టీలు గిన్నెల్లో ఒకటి పట్టుకుంటుంది, ఒకటి పట్టుకోదు. కాబట్టి కొట్టుకి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం ఒకటి తీసుకెళ్లి అడుగుకి పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే బాగా పనిచేస్తుంది, జారుతూ అతుక్కుంటే సెగ సరిగా ఎక్కదు.

మా దగ్గర ఉన్నవి మూడే. ఇండక్షన్ అడుగున్న 3 లీటర్ల స్టీలు కుక్కరు, చారుకీ పాలకీ ఒక స్టీలు గిన్నె, చదును అడుగున్న ఇనప మూకుడు. మూకుడు గంటస్తంభం బజారులో కొన్నాం. పొయ్యితో పాటు కాంబోలో ఇచ్చే నల్లపూత కళాయి వద్దు. ఏడాది తిరిగేసరికి పూత లేస్తుంది, పోపు గింజల్లో నల్ల రేకులు కనిపిస్తాయి. ఇనప మూకుడైతే వాడేకొద్దీ నునుపు తేలుతుంది. ఒక్క జాగ్రత్త, ఇనుము మీద ఇండక్షన్ సెగ తెలియకుండా ఎక్కేస్తుంది. నూనె వేసి 1,600 వాట్లు పెట్టి మెంతులు డబ్బాలోంచి తీసేలోపు పొగ వచ్చేస్తుంది. పోపు ఎప్పుడూ 600 మీద మొదలుపెట్టాలి, ఆవాలు చిటపటమన్నాక పెంచుకోవాలి.

పొద్దున్న మా వంట ఇలా సాగుతుంది. కుళాయి వచ్చే వేళకి లేస్తాం. కందిపప్పు ముందు నానేస్తాం, అన్నంతో పాటు ఉడకాలంటే అరగంటైనా నానాలి. కుక్కర్లో అడుగున పప్పు డబ్బా, పైన బియ్యం డబ్బా. 1,200 వాట్ల మీద పెడితే ఇద్దరికి సరిపడా పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆవిరి దిగేలోపు మూకుడెక్కుతుంది. బెండకాయో, దొండకాయో, రైతు బజార్లో ఆ వారం ఏది చవగ్గా ఉంటే అది. తొమ్మిదింటికి బాక్సులు సర్దుకుని బయటపడతాం. రాత్రికి చారు, ఇంటి నుంచి వచ్చిన నువ్వులపొడి, పెరుగు. పరీక్షలప్పుడు కూర మానేస్తాం కానీ చారు మానం. మా రూమ్మేట్‌ది సాలూరు వైపు. వాళ్లింటి నుంచి వచ్చే కొండ చింతపండుతో కాచిన చారు రుచి మరెక్కడా తినలేదు నేను. ఆ చారు మరుగు మీద ఉండగా మా అమ్మ ఫోన్ చేస్తుంది, "ఏటమ్మా, ఏటి వొండినావు?" అని. ఆ ప్రశ్నకి రోజూ ఏదో ఒక కూర పేరు చెప్పగలగడం నాకు చాలా పెద్ద విషయం.

అసలు పరీక్ష సన్నసెగ దగ్గర. ఈ పొయ్యికి నిజమైన సన్నసెగ లేదు. 300 అని నొక్కితే సెగ తగ్గదు, కాసేపు గట్టిగా ఇచ్చి, కాసేపు పూర్తిగా ఆపి, సగటున తక్కువ చేస్తుంది. గిన్నెలోకి చూస్తే తెలిసిపోతుంది. బుడగలు గబగబా లేస్తాయి, ఒక్కసారిగా చల్లారిపోతాయి, కింద తీగ చుట్ట జుమ్మనగానే మళ్లీ లేస్తాయి. చారుకి, పప్పుకి ఇది పట్టింపు లేదు. అంబలికి మాత్రం ప్రాణసంకటం.

చోడి అంబలి మా ఇంట్లో వేసవంతా ఉంటుంది. రాత్రే చోడిపిండి నీళ్లలో కలిపి ఉంచుతారు, కాస్త పులుస్తుంది. పొద్దున్న నూకలు మెత్తగా ఉడికించి, ఆ పిండినీళ్లు పోసి, పచ్చివాసన పోయి నిగనిగలాడే దాకా గరిటె ఆపకుండా తిప్పుతారు. ఇక్కడ పల్చటి స్టీలు గిన్నెలో చేస్తే, సెగ ఇచ్చిన ఆ కాసేపట్లోనే అడుగున వలయంలా పట్టేస్తుంది. తీగ చుట్ట గుండ్రంగా ఉంటుంది కదా, మాడూ అదే ఆకారంలో వస్తుంది. కుక్కరు అడుగు మందం, అందులో మూత లేకుండా 800 మీద నూకలు ఉడికించి, పొయ్యి ఆపి పిండినీళ్లు పోసి ఉండలు లేకుండా కలిపి, అప్పుడు మళ్లీ తక్కువ మీద పెడితే సరిగ్గా వస్తుంది. మందపు అడుగు ఆ ఆగే సమయంలో వేడిని పట్టి ఉంచుతుంది. చల్లారాక మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కొరుక్కుంటూ తాగితే మధ్యాహ్నం రెండు దాకా ఆకలి వేయదు. ఎండాకాలం ల్యాబులున్న రోజుల్లో మాకు అదే టిఫిను.

దిబ్బరొట్టికీ ఇదే కిటుకు. మూకుడు మందం కాబట్టి లోపల మెత్తగా ఉడుకుతుంది, కానీ ఒకేచోట ఉంచితే వలయం మేర ఎర్రబడి నడుమ తెల్లగా ఉండిపోతుంది. కాసేపటికోసారి మూకుణ్ణి రెండు వేళ్ల మేర పక్కకి జరుపుతూ తిప్పాలి. గీతలు పడకుండా ఎత్తి పెట్టాలి, గాజు మీద ఈడ్చకూడదు.

ఆవపెట్టిన కూరకి మాత్రం ఈ పొయ్యి భలే నప్పింది. పనసపొట్టు బజార్లో కొట్టి అమ్ముతారు. పసుపు, ఉప్పు వేసి ఉడికించి వార్చి, చింతపండు పులుసు పోసి మగ్గించి, ఎండుమిర్చితో నూరిన ఆవముద్ద చివర్లో కలపాలి. ఆవ ఉడికిందంటే చేదు. గ్యాసు మీదైతే ఆపాక కూడా పొయ్యి చువ్వల వేడి కిందనుంచి తగులుతూనే ఉంటుంది. ఇక్కడ బటన్ నొక్కితే సెగ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇనుములో దాచుకున్న వేడి ఉంటుంది కాబట్టి మూకుణ్ణి దింపి, చేయి పెట్టి చూడగలిగేంత చల్లారాక ఆవ కలుపుతాను. ఘాటు ముక్కుకెక్కేలా నిలుస్తుంది.

కుదరనివి కూడా చెప్పాలి. వంకాయ కాల్చడం కుదరదు. నూనె రాసి, మూకుట్లో మూతపెట్టి తిప్పుతూ మగ్గిస్తే గుజ్జు వస్తుంది, పచ్చడీ అవుతుంది, కానీ ఆ పొగ వాసన రాదు. అప్పడం నిప్పు మీద కాల్చుకోలేం. పొయ్యి ఒక్కటే కాబట్టి అన్నం ఒక పక్క, కూర ఒక పక్క అనే మాట ఉండదు. ఇద్దరు ముగ్గురికి సరే. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రోజు మా రెండు ఊళ్ల నుంచీ చుట్టాలు దిగుతారు. ఆ గదిలో అంతమందికి వండాలంటే తెల్లారకముందే మొదలుపెట్టినా కుక్కరు వెంట కుక్కరు దింపుతూనే ఉండాలి. అయినా మా అత్త తిని, గుమ్మడికాయ పులుసులో బెల్లం సరిగ్గా కుదిరిందని మళ్లీ వడ్డించుకుంది.

కరెంటు పోతే వంట లేదు. ఇన్వర్టరు దీన్ని మోయదు. మాది పలాస దగ్గర, ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, కట్టెల పొయ్యి ఉండబట్టి తిన్నాం. ఆ గుర్తుతోనే తుఫాను హెచ్చరిక వినపడగానే గదిలో అటుకులూ పెరుగూ తెచ్చి పెడతాను, ఆవకాయ ఎలాగూ ఉంటుంది. మామూలు రోజుల్లో అయితే మధ్యాహ్నం కోతలే ఎక్కువ, మా వంట వేళలకి తగలవు.

ఖర్చు. 1,000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్టు. పైన చెప్పిన కుక్కరు 1,200 మీద పన్నెండు నిమిషాలు, అంటే 0.24 యూనిట్టు. మా ఓనరుగారు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కి పది రూపాయలు తీసుకుంటారు కాబట్టి అన్నం, పప్పు రెండూ కలిపి రెండు రూపాయల నలభై పైసలు. నెలంతా ఇద్దరికీ కలిపి వంట కరెంటు మూడు నాలుగు వందల మధ్యే ఉంటుంది. మెస్సుకి ఒక్కరు కట్టే దానితో పోల్చి చూసుకోండి.

రెండో ఏడు ఎండాకాలంలో పొయ్యి లోపల దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను ఆగిపోయింది, స్క్రీను మీద ఎర్రర్ నంబరు వేసి పొయ్యి తనంతట తానే ఆగిపోయేది. కంపెనీవాళ్లని అడిగితే విశాఖ పంపాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఊళ్లో మిక్సీలు బాగుచేసే కొట్లో విప్పి చూస్తే ఫ్యాను నిండా దుమ్మూ నూనె జిడ్డూ. కొత్త ఫ్యాను వేసి సాయంత్రానికి ఇచ్చేశారు. అప్పట్నుంచి పొయ్యి కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తులో ఉంచుతున్నాం. కింద పేపరు పరవకండి, ఫ్యాను గాలికి అది పైకి అతుక్కుని కన్నాలు మూసేస్తుంది. వంట కాగానే గోడ స్విచ్చి కట్టేయకండి, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉంచండి.

టచ్ రకం కొనాలా, బటన్లదా అని మా జూనియర్లు అడుగుతుంటారు. బటన్లదే. కూర తరిగిన తడిచేత్తో టచ్ మీద వేలు పెడితే ఒక్కోసారి పట్టదు, ఒక్కోసారి వేరే అంకె పడుతుంది. దోశ, చపాతీ, పాలు అని పేర్లు రాసిన బటన్ల జోలికి పోకుండా వాట్లు చూసి నేరుగా పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మన పులుసుకీ అంబలికీ ఎలాగూ అందులో బటన్ లేదు.