తెవికీ రచ్చబండ: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

తెలుగులో పదిమంది వాదించుకుని ఒక నిర్ణయానికి వచ్చే చోటు ఇంటర్నెట్టులో ఎక్కడుందని అడిగితే నేను తెలుగు వికీపీడియా (తెవికీ)లో రాసేవాళ్లంతా కలిసి చర్చించుకునే పేజీ, రచ్చబండనే చూపిస్తాను. తెవికీ 2003లో మొదలైంది. అక్కడా, వ్యాసాల చర్చాపేజీల్లోనూ వాదిస్తూ నాకు చాలా ఏళ్లే గడిచాయి.

ఇక్కడ ఓట్ల లెక్కకంటే చెప్పిన కారణానికి బరువెక్కువ. ఒకసారి ఒక జానపద కళాకారుడి వ్యాసం చర్చకు వచ్చింది. మూలాలు లేవు, మొలకగానే (మరీ చిన్న వ్యాసంగానే) మిగిలిపోయింది అంటూ వరుసగా అందరూ 'తొలగించాలి' అని రాశారు. గడువు ముగియబోతుండగా ఒకాయన పాత దినపత్రిక కథనం వివరాలు తేదీ, పేజీ సంఖ్యతో సహా తెచ్చి పెట్టారు. తొలగించమన్నవాళ్లే తిరిగొచ్చి తమ మాటను కొట్టేసి, కింద 'ఉంచాలి' అని రాసి సంతకం చేశారు. కొట్టేసిన మాట కూడా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. మనసు మార్చుకోవడాన్ని ఇంత మర్యాదగా చూసే చోటు నాకు మరొకటి తారసపడలేదు.

ఇందులో పేజీ అమరిక పాత్ర కూడా ఉంది. నాలుగు టిల్డెలు (~ గుర్తులు) కొడితే పేరు, సమయం పడతాయి. ప్రతి మార్పూ పేజీ చరిత్రలో నిలిచిపోతుంది కాబట్టి అన్న మాట అనలేదని బుకాయించడం కుదరదు. లైకులు లేవు, ఎక్కువమందికి నచ్చిన మాట పైకి తేలడమూ లేదు.

అసలు లోపం మౌనం. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2022లో ఆంధ్రప్రదేశ్‌వి 13 నుంచి 26 అయ్యాయి. ఎన్నో గ్రామాల పేజీలు మార్చాల్సి వచ్చింది. నేను చూసిన చర్చల్లో మాట్లాడింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమందే. వాళ్ల శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కానీ అంతమందే తేల్చినదాన్ని సముదాయ నిర్ణయం అనడానికి నాకు మనసొప్పదు. ఫోనులో పొడవాటి చర్చను అనుసరించడం కష్టం కావడమూ కొత్తవాళ్లను దూరం చేస్తోంది.

చర్చ ముగిశాక ఏం తేలిందో, ఎందుకు తేలిందో రాసి మూసే అలవాటు కొందరికే ఉంది. అది లేనిచోట అదే వాదన మళ్లీ మొదటికొస్తుంది. అందుకే కొత్తగా చేరేవాళ్లు ముందు పాత చర్చల్లో వెతకండి. దొరికిన లంకెను మీ ప్రశ్నతోపాటు పెట్టండి. పాతవాళ్లు అక్కడి నుంచే అందుకుంటారు.